గద్దె మీద నాలుగో రాయి

“రాయి మిగిలింది బిడ్డా. రాయి మిగిలిందంటే మనిషి మిగిలినట్టే. ఇడిసిపెట్టి ఎట్ల పోదు నేను?”

నిన్న రాత్రి నుంచి బీరన్న ఈ ఒక్క మాటే చెబుతున్నాడు. అడిగేవాళ్లు మారారు గానీ మాట మారలేదు. డెబ్బై ఏళ్ల గొర్లకాపరి. స్టేషన్‌లో బెంచీ చూపిస్తే వద్దని, గోడకు ఆనుకుని నేల మీదే గొంగడి పరుచుకున్నాడు.

ఏఎస్సై ఆండాలు కుర్చీ పక్కకు జరిపి అతని ఎదురుగా కింద కూర్చుంది. గోడ గడియారం చూసింది. సోమవారం ఉదయం పది ఇరవై. వనిత కనిపించకుండా పోయి ఇరవై ఒకటిన్నర గంటలు.

ఇరవై ఏళ్ల పిల్ల. సూర్యాపేటలో డిగ్రీ చివరి ఏడాది. ఆండాలు కూతురు నవనీతదీ అదే వయసు. హైదరాబాదులో హాస్టల్లో ఉంటుంది. పొద్దుటి నుంచి ఆ పిల్లకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. నాలుగోసారి నవనీత, “అమ్మా, క్లాసుల ఉన్న, బతికే ఉన్న, పెట్టెయ్” అంది. ఆ ‘బతికే ఉన్న’ అనే మాట కోసమే ఆండాలు ఫోన్ చేస్తుంది.

పదో తరగతి పాసై కానిస్టేబులుగా చేరిన మనిషి. పుస్తకాల్లో రాసిన దర్యాప్తు పద్ధతులు ఆమెకు రావు. ఏ కేసు వచ్చినా జరగకూడనివన్నీ ముందుగా తలుచుకుంటుంది. నీళ్లలో పడిందా, పాము కరిచిందా, ఎవడైనా ఎత్తుకుపోయాడా. తర్వాత ఒక్కొక్కచోటికీ స్వయంగా పోయి, తన భయం అబద్ధమని చూసుకుని వస్తుంది. ఏదో ఒక భయం అబద్ధం కాకుండా మిగులుతుంది. ఆ రోజు ఆమె అన్నం తినదు.

“తాతా, నాకేం తెల్వదనుకొని మొదటికెల్లి చెప్పు. ఏం రాయి అది?”

“సన్నాసుల గుట్ట కింద చప్టా ఉంటది గదా. మూసీ దాటాలంటే అదొక్కటే తొవ్వ. చప్టా మొదట్ల గద్దె ఉంటది. అవతలికి పోయేటోడు నీళ్లల్లకెల్లి ఒక రాయి తెచ్చి గద్దె మీద పెట్టాలె. తిరిగొచ్చినంక తన రాయి తీసి మల్ల నీళ్లల్ల పెట్టాలె. ఇసిరెయ్యొద్దు, ఒంగి పెట్టాలె. నీళ్లొస్తే చప్టా మునుగుతది. అవతల ఎందరు చిక్కిన్రో గద్దెను సూస్తే ఎర్కైతది. మా తాతల కాడికెల్లి గిట్లనే.”

“రాయి మిగిలితే?”

“ఇవతల ఆఖరుకు ఉన్నోడు ఇంటికి పోవద్దు. కూసోవాలె. నిన్న ఆఖరోన్ని నేనే.”

“ఎన్ని మిగిలినయ్?”

“రెండు.”

ఆండాలు కలం ఆగింది. “రెండా? పోయింది ఒక్క పిల్లనే గదా తాతా.”

“నూటెనభై గొర్లను పొద్దుమాపు లెక్కవెడ్త. నాకు రెండు లెక్కవెట్టుడు రాదా?”

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. ఎస్సై సంతోష్. ఇరవై ఎనిమిదేళ్లవాడు, కోదాడ మనిషి. ఈ జిల్లాలో ఇది అతనికి మొదటి పెద్ద కేసు.

“ఇంకా రాళ్ల కథేనా ఆండాలు గారూ? ఆ అమ్మాయి సంచి ఈయన దగ్గర దొరికింది. అందరూ వెళ్లిపోయాక ఆరు గంటలు అక్కడే ఉన్నాడు. ఎందుకుంటాడండీ ఎవడైనా? రాత్రి ఏడింటికల్లా మేజిస్ట్రేటు గారి ముందు నిలబెట్టాలి. మీ చేతిలో ఉన్న టైం అంతే.”

“గుట్టెక్కుతు పిల్లనే సంచి అప్పజెప్పిందట సార్. దాసిపెట్టలేదు. నడుమ గద్దె మీద పెట్టుకొని కూసున్నడు. తప్పు చేసినోడు గొర్లను తోలుకొని ఎప్పుడో పోతుండె.”

“తెలివైన ముసలాడు.”

“మీరు పోయేసరికి గద్దె మీద రెండు రాళ్లున్నయా సార్?”

“నేను రాళ్లు ఏరడానికి వెళ్లలేదండీ. వాన మొదలైంది, మనవాళ్లు పరదా కట్టుకోవడానికి అదంతా ఊడ్చేశారు.”

బీరన్న తల పైకెత్తాడు. “ఊడ్సిన్రా?” అన్నాడు. అరెస్టు చేసినప్పుడు కూడా అతని ముఖంలో అంత భయం లేదని ఆండాలుకు అనిపించింది. “మనిషి ఇంక అవతల్నే ఉండె గదనయ్యా!”

బయట మెట్ల మీద వనిత తల్లి ఉప్పలమ్మ కూర్చుని ఉంది. కూలికి పోయే మనిషి. నిన్న కట్టిన చీరే, అంచుకు నాటుమడి బురద ఇంకా ఎండి ఉంది. ఆండాలును చూసి లేవబోయింది.

“అక్కా, ఆ ముసలాయన్ను కొట్టకున్రి. మా పిల్ల సార్ ఎంబడి గుట్టకు నడక పోయినప్పుడల్లా జొన్నరొట్టె పెట్టేటోడు ఆయన. నాకొక్కటే చెప్పు. బతికే ఉందా?”

ఆండాలు తన నీళ్లసీసా ఆమె చేతిలో పెట్టి, “తాగు. నేను పోయి సూసొస్త” అంది.

పదకొండున్నరకు లింగస్వామి సార్ వచ్చాడు. అరవై నాలుగేళ్లు. సోషల్ చెప్పి రిటైరయ్యాడు. ఆరేళ్ల నుంచి నెలకో ఆదివారం, వీరన్నకోట పాత బురుజు దగ్గర పిల్లలనూ పెద్దలనూ పోగుచేసి, మూసీ ఒడ్డు వెంట ఐదు కిలోమీటర్లు నడిపించి, సన్నాసుల గుట్ట మీది బౌద్ధుల శిథిలాలు చూపించి తీసుకొస్తాడు. కర్ర గోడకు ఆనించి, కాళ్లు చాపి కుర్చీలో కూర్చున్నాడు. అడగకముందే గంటలు చెప్పడం మొదలుపెట్టాడు.

“ఏడున్నరకు కోట దగ్గర బయల్దేరినం. పన్నెండు మందిమి, నాతో కలిపి. పావు తక్కువ పదికి చప్టా. పన్నెండున్నరకు దిగుడు. పన్నెండు యాభైకి గద్దె దగ్గర ఫోటో. ఒకటీ పదికి ట్రాక్టర్ ఎక్కుతుంటే పదకొండు మందే ఉన్నరు.”

“ఫోటోలనే పదకొండు మంది ఉన్నరు గదా సార్. అప్పుడు అడగలేదా?”

“వనిత ముందు పోయిందనుకున్న.”

“గద్దె కాడ బీరన్న ఉన్నడు. ముందెవరూ రాలేదంటున్నడు.”

“గొర్లను సూసుకునే మనిషికి అందరూ కనపడుతరా అమ్మా?” సార్ గొంతు మెల్లగానే ఉంది. ఒళ్లో పెట్టుకున్న చేతులు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

“గుట్ట మీద ఏమేం ఉంటయ్ సార్?”

ఆ ప్రశ్నకు ముఖం వెలిగింది. బడిలో పాఠం చెప్పే ముఖం. “ఇటుక గదులు, పద్దెనిమిది. భిక్షువులు ఉండేటోళ్లు. రెండు వేల ఏండ్ల కిందనే గదుల కిందికెల్లి మూసీ దాకా రాతి కాలువ కట్టిన్రు, వాననీళ్లు పోవడానికి. మనిషి పట్టేంత...” అని ఆగిపోయాడు.

“ఆ కాలువ ఏడుంది?”

“పూడిపోయింది. ఎప్పుడో.”

ఆండాలు కాగితం మీద ‘కాలువ’ అని రాసి కింద గీత గీసింది. “మీ రాయి మీరు తీసిన్రా సార్?”

“తీసిన. నా చేతుల్తోనే నీళ్లల్ల పెట్టిన.”

లేచి కర్ర అందుకుంటుంటే అతని కళ్లజోడు డబ్బా కిందపడింది. సార్ దానివంక చూస్తూ నిలబడ్డాడు. ఆండాలు వంగి తీసి ఇచ్చింది.

“ఏమనుకోకమ్మా. పోయినేడు రెండు మోకాళ్లు మార్పిచ్చిన. నడిస్తే ఏంగాదు. ఒంగొద్దు, కింద కూసోవద్దన్నరు దవాఖానల.”

అతను వెళ్లాక ఆండాలు నడక వాట్సాప్ గ్రూపు తెరిపించి ఆ ఫోటో తెప్పించుకుంది. పదకొండు ముఖాలు. ఎస్సై నిన్నటి నుంచి ఈ ముఖాలనే చూస్తున్నాడు. ఆండాలు వేళ్లతో ఫోటో పెద్దది చేసి, ముఖాలు వదిలేసి, వెనుక గద్దెను చూసింది.

నల్లటి నున్నటి రాళ్లు. రెండు.

బీరన్నకు లెక్క వచ్చు.

చప్టా దగ్గరికి చేరేసరికి రెండు దాటి ఐదు నిమిషాలు. వెంట వచ్చింది డ్రైవర్ కానిస్టేబుల్ హరిలాల్ ఒక్కడే. తండా మనిషి. నలభై ఐదేళ్ల వయసు, దానికి తగ్గ పొట్ట.

“మేడం, నాలుగింటికి పైన డ్యాం గేట్లు ఎత్తుతరట. గ్రూపుల మెసేజొచ్చింది. ఐదుకు చప్టా మునుగుతది. మనం జల్ది రావాలె. నాకు ఈత వస్తది గని మునుగుడు ఇంకా బాగ వస్తది.”

“నీ పొట్ట తేలుతది గని, పా.”

గద్దె ఖాళీగా ఉంది. నడుమెత్తు రాతి దిమ్మె. పక్కన నీళ్లలోకి మెట్లు. ఆండాలు ఐదు మెట్లు దిగింది. నీళ్లు అందలేదు. చివరి మెట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి పూర్తిగా చాపితే అందాయి. చల్లటి నల్లరాయి ఒకటి చేతికొచ్చింది. అట్లాగే కూర్చుండిపోయింది.

“ఏమైంది మేడం?”

“హరిలాల్, మోకాళ్లు వంగని మనిషి ఇక్కడ రాయి ఎట్ల పెడతడు?”

స్టేషన్‌కు ఫోన్ చేసి బీరన్నకు ఇమ్మంది. “తాతా, లింగస్వామి సార్ రాయి ఎవలు తీస్తరు?”

“వనితనే బిడ్డా. తెచ్చేది ఆ పిల్లనే, మల్ల నీళ్లల్ల పెట్టేది ఆ పిల్లనే. సార్ ఒంగలేడు గదా.”

అందుకే రెండు మిగిలాయి. ఒకటి వనితది. రెండోది, ఎప్పుడూ ఆ రాయి తీసే చెయ్యి లేక ఆగిపోయిన సార్‌ది. పక్కనున్న పదిమందిలో ఎవరిని అడిగినా తీసి ఇచ్చేవాళ్లు. అడగాలన్న ధ్యాస కూడా లేనంత పరేషాన్‌లో ఉన్నాడంటే, ఆ పన్నెండు యాభైకే ఆయనకు ఏదో తెలుసు.

ఎస్సైకి చెప్పింది. అవతల నుంచి నవ్వు వినిపించింది.

“లింగస్వామి గారా? నెలనెలా పిల్లల్ని సొంత ఖర్చుతో తిప్పే మనిషండీ ఆయన. రాయి తీయడం మర్చిపోతే నేరస్థుడా?”

“మర్చిపోతే తప్పు లేదు సార్. తీసిన అని అబద్ధం చెప్పిండు.”

“ఆండాలు గారూ, మీకు ప్రతిదాంట్లో చావే కనపడుతుంది. మీ అమ్మాయి ఫోన్ ఎత్తకపోతే పోయిన నెల కంట్రోల్ రూంకి ఫోన్ చేశారు మీరు. నాకు తెలుసు.”

“ఆ దినం చార్జింగ్ అయిపోయింది సార్. అయితే మాత్రం, చేసినందుకు నాకు సిగ్గులేదు.”

ఫోన్ పెట్టేసి, గద్దె మీద తన రాయి పెట్టింది. హరిలాల్ తనది పెట్టాడు. ఆండాలు మళ్లీ మెట్లు దిగి మూడో రాయి తెచ్చింది.

“ఇదెవరిది మేడం?”

“వనితది. మనోళ్లు ఊడ్సిన్రు గదా. ఉన్న మనిషికి రాయి ఉండాలె.”

మెట్లదారిన ఎక్కారు. గుట్ట మీద ఇటుక గదుల వరుస. మోకాలెత్తు గోడలే మిగిలాయి. ఉదయం పోలీసు కుక్క వచ్చి తిరిగింది గానీ, రాత్రి వాన వాసనంతా కడిగేసింది. మూలగదిలో ముళ్లకంప ఒకటి అడ్డంగా ఉంది. ఎస్సై నివేదికలో ఆ కంప ఉంది: ‘గొర్రెలు పడకుండా కాపరులు వేసుకున్నది.’

హరిలాల్ దాని ముందు ఆగి తల గోక్కున్నాడు. “ఇది గొర్లోళ్లు ఏసింది కాదు మేడం.”

“ఎట్ల చెప్తవ్?”

“మేమైనా, గొర్లోళ్లయినా కంప వేస్తే మొదలు బయటికి పెడ్తం. మల్ల గుంజాలంటే పట్టుకోను రావాలె గదా. ఇది ముండ్లు బయటికి ఉంది. దూరంకెల్లి కర్రతోని నూకిన్రు.”

ఒంగని మనిషి.

ఇద్దరూ కంపను లాగేశారు. కింద ఇటుకలు కుంగి, నల్లటి గుంత. టార్చి వేస్తే రాతితో కట్టిన కాలువ, నదివైపు జారుగా దిగిపోతూ కనిపించింది. బారెడు లోతున ఒక చెప్పు. వనిత చెప్పులు ఎట్లా ఉంటాయో ఉప్పలమ్మ చెప్పింది: నీలం పట్టీ, ఎడమదానికి కుట్టు. కుట్టు ఉంది.

“వనితా! బిడ్డా!”

లోపలి నుంచి చల్లగాలి తప్ప ఏమీ రాలేదు. ఆండాలు నేలకు చెవి ఆనించింది. ఎక్కడో కింద నీళ్ల చప్పుడు. నిన్నటి నుంచి తలుచుకున్న భయాల్లో ఇది లేదు. ఇంత చెడ్డది ఆమెకు కూడా తట్టలేదు.

“నేను పట్టను మేడం,” అన్నాడు హరిలాల్, పొట్ట మీద చెయ్యి వేసుకుని. నవ్వు రాలేదు ఇద్దరికీ. “తాళ్లు గావాలె. మనుషులు గావాలె. ఇక్కడ ఫోన్ కూడ కలుస్తలేదు.”

మెట్లు రెండేసి దిగారు. మూడు ఇరవై ఐదుకు చప్టా దాటారు. ఆండాలు ఫోన్ తీస్తూ అలవాటుగా గద్దె వైపు చూసి ఆగిపోయింది.

నాలుగు రాళ్లున్నాయి.

నాలుగోది నల్లది కాదు, నున్నదీ కాదు. ఒడ్డు మీద దొరికే ఎర్రటి గరుకు రాయి. మెట్లు దిగి నీళ్లందుకోలేని మనిషి, నిలబడ్డచోట కర్రతో కదిపి, గట్టు అంచు మీంచి తీసుకున్న రాయి. ఆరేళ్లుగా ప్రతి పిల్లకూ ఈ లెక్క నేర్పిన మనిషి. దొంగతనంగా పోతూ కూడా రాయి పెట్టకుండా దాటలేకపోయాడు.

“మనకు ఎదురు రాలేదు గదా మేడం?”

“మెట్లు ఎక్కలేడు. ఒడ్డు పట్టుకొని, గొర్ల బాట మీద పోయి ఉంటడు.”

గద్దె కింద తడిమట్టిలో కర్ర మొన గుచ్చిన గుంతలు. వాటి పక్కన, గుండ్రంగా, లోతుగా, ఇంకేదో బరువైనది దించిన గుర్తు. ఆండాలు వంగి వేలితో ఆ అంచు చుట్టూ రాసింది. ఈ గుర్తు ఆమెకు తెలుసు. పదిహేనేళ్లు రోజూ పొద్దున నవనీత బడిసంచి పక్కన చూసిన గుర్తు.

టిఫిన్ క్యారేజీ అడుగు.

రాయి పెట్టడానికి చేతిలో ఉన్న క్యారేజీని కర్రకు తగిలించి కిందికి దించాడు. చనిపోయిన పిల్లకు ఎవరూ అన్నం కట్టుకుని పోరు.

“బతికే ఉంది,” అంది ఆండాలు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మంచి జరిగిందని అందరికంటే ముందు తాను నమ్మడం ఇదే మొదటిసారి. “హరిలాల్, ఆ పిల్ల బతికే ఉంది. కాలువల జారి కిందికి వచ్చి చిక్కింది. కింది మూతి ఎక్కడుందో సార్‌కు తెలుసు. ఆడికెల్లి అన్నం అందిస్తుండు.”

“మరి బయటికి గుంజకపోయిండా?”

“ఒంగలేని మనిషి ఎట్ల గుంజుతడు? ఇంకొకర్ని పిలువాలంటే, పిల్ల గుంతల పడ్డదని, తానే కంప కప్పిన్నని చెప్పాలె. చెప్పే ధైర్యం లేదు.” ఎస్సై నంబరు నొక్కింది. మొదటి రింగుకే ఎత్తాడు.

“సార్, తాళ్లు, గడ్డపారలు, పది మంది. పిల్ల బతికే ఉంది. గేట్లు ఆపమని చెప్పున్రి. కాలువ మూతి నీళ్ల ఒడ్డునే ఉంది.”

ఈసారి అవతల నవ్వు లేదు.

“ఆండాలు గారూ, గేట్లు మూడింటికే ఎత్తేశారు. పైనుంచి వరద ఎక్కువుందట. ఇప్పుడే ఫోనొచ్చింది. మీరు ఇవతలికి వచ్చేయండి. నేను బయల్దేరుతున్నా. ఆపించడానికి చూస్తా. మీరు మాత్రం వెంటనే ఇవతలికి...”

ఆండాలు మెట్ల వైపు చూసింది. ఇందాక తాను మోకాళ్ల మీద కూర్చున్న చివరి మెట్టు కనిపించడం లేదు. పైమెట్టు అంచున నురుగు.

“సార్, బీరన్న తాతను తోలుకొని రాన్రి,” అంది. “గుట్ట కింద ప్రతి బొక్క ఆయనకు ఎర్కే.”

ఫోన్ జేబులో పెట్టుకుని చప్టా మీదికి నడిచింది. వెనుక హరిలాల్ గద్దె దగ్గర ఆగాడు. అతని చెయ్యి తన రాయి మీద ఉంది.

“మేడం... మన రాళ్లు?”

“ఉండనీ. నలుగురం వచ్చినంక తీద్దాం.”

హరిలాల్ ఒక క్షణం నిలబడ్డాడు. తర్వాత బూట్లు విప్పి గద్దె పక్కన పెట్టి, ఆమె వెంట నీళ్లలో దిగాడు. చప్టా మీద అప్పటికే చీలమండలు మునిగాయి. గొర్ల బాట మలుపులో, ఒడ్డు కింద నుంచి, ఒక ముసలి గొంతు ఎవరినో పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది.

“వనితా... నీళ్లొస్తున్నయ్ బిడ్డా... పైకి జరుగు... పైకి జరుగు...”

ఆండాలు పరుగెత్తింది.